బావికి కావలెను: చుట్టాలు లేని మనిషి

నీటిని కాపాడడానికి మానవజాతి ఇంతవరకూ కనిపెట్టిన సాధనాలన్నింటిలోకీ తాళంకప్పే గొప్పదని నౌతేరా గ్రామం ఏకగ్రీవంగా తీర్మానించింది. వాన మొహం చూసి ఎనిమిది నెలలైన ఒక మంగళవారం పొద్దున, మనేఅబా అని పిలుచుకునే ఊరి చావడిలో, నాలుగు గంటల చర్చ, మూడు పాటలు, రెండు విడతల టీ తరవాత ఈ తీర్మానం జరిగింది. (టీలకు ఆరు బకెట్ల మంచినీళ్ళు ఖర్చయ్యాయి. నీటి పొదుపు కోసం పెట్టిన సమావేశం కాబట్టి దాన్ని పొదుపు కిందే రాశారు.)

రాసింది తబేరా. ఆమెకు ఇరవై రెండేళ్ళు. ఊరి బడిలోనే చదువుకుంది. ‘మంచినీటి వనరుల సంరక్షణ మరియు వివేకవంతమైన వినియోగ సంఘం’ ఆమెను కార్యదర్శిగా ఎన్నుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, అక్షరాలు గుండ్రంగా రాస్తుంది. రెండు, మాట్లాడదు. మాట్లాడని మనిషి మినిట్స్‌లో నిజాలు కలపదని పెద్దల నమ్మకం.

కిరిబాస్ దేశంలో ఈ నికుతారా దీవికి నదుల్లేవు, చెరువుల్లేవు, కొండల్లేవు. ఇసుక కింద వాన నీళ్ళు పలచని పొరలా నిలుస్తాయి. ఆ పొర కింద సముద్రం ఉంటుంది. నెమ్మదిగా తోడుకుంటే తీపినీళ్ళు వస్తాయి. ఆత్రంగా తోడితే కిందినుంచి ఉప్పు పైకెక్కుతుంది. నౌతేరాలో పదకొండు బావులుంటే ఆ ఏడు పది బావులు ఉప్పెక్కిపోయాయి. అవి బట్టలుతకడానికీ పందులను కడగడానికీ పనికొస్తున్నాయి. మిగిలిన ఒక్కటీ తబేరా అమ్మమ్మ అకోయా స్థలంలో ఉంది. అది రోజుకి నలభై బకెట్లు ఇస్తుంది. నలభై ఒకటోది కూడా ఇస్తుంది గానీ, ఆ తరవాత మూడు రోజులు అలుగుతుంది.

ముప్పై ఒక్క ఇళ్ళకి ఇంటికొకటి, బడికి నాలుగు, ఆసుపత్రికి మూడు, చావడిలో టీకి రెండు. వెరసి నలభై. ఈ లెక్కలో ఎవరికీ సందేహం లేదు. ఎప్పుడో వచ్చిపోయిన ఒక పథకంవాళ్ళు పుల్లలాంటి మీటరు ఒకటి వదిలేసి వెళ్ళారు. దాన్ని బావినీళ్ళలో ముంచితే ఉప్పెంతుందో అంకెలో చూపిస్తుంది. రెండున్నర వేలు దాటితే ఆ నీళ్ళు మనుషులు తాగేవి కావు. తాళం తీర్మానం నాటికి అంకె పదకొండు వందలు.

బావికి ముప్పై అడుగుల దూరంలో అమ్మమ్మ బబాయ్ గుంట ఉంది. బబాయ్ అంటే చేమదుంపకి పెద్దక్క లాంటిది. ఆకు మనిషంత ఎత్తు లేస్తుంది. నీళ్ళు తగిలేదాకా గుంట తవ్వి అందులో నాటతారు. తబేరా పుట్టిన ఏడాది అమ్మమ్మ నాటిన దుంపలు అందులో ఇంకా ఊరుతున్నాయి. వాటికి ఒక్కో దానికీ పేరుంది. బావికి ఉప్పు వస్తే ముందు ఆ గుంట చస్తుంది, ఆ తరవాత ఊరి గొంతెండుతుంది. అందుకే తబేరా రోజూ పొద్దున్నే ముందు ఆకుల అంచులు చూసేది, తరవాతే మీటరు ముంచేది.

బావికి చెక్కమూత చేసి తాళం వేశారు. తాళంచెవిని చేపల గాలం తాడుకి కట్టి సంఘం అధ్యక్షుడు బౌరో మెడలో వేసుకున్నాడు.

“ప్రాణం పోయాకే ఇది నా మెడలోంచి దిగేది,” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అది మర్నాడు పొద్దున తొమ్మిదీ ఇరవైకి దిగింది.

“బావా, బుబుస్,” అంటూ వచ్చాడు బౌరో చెల్లెలి మొగుడు తెకాయి.

బుబుస్ అంటే అడగడం. మామూలు అడగడం కాదు. చుట్టం చుట్టాన్ని ఆ మాటతో అడిగాడంటే ఇవ్వాల్సిందే. చొక్కా అడిగితే చొక్కా, పడవ అడిగితే పడవ. కాదన్నవాడు నికుతారాలో ఇంకా పుట్టలేదు. పుట్టి ఉంటే వాడి చుట్టాలు ఆ సంగతి పైకి చెప్పుకోలేదు.

“ఏం కావాలి బావా?” అన్నాడు బౌరో, అప్పటికే తాడు మెడలోంచి తీస్తూ.

“నాలుగు బకెట్లు. పిల్లదాని మొదటి పుట్టినరోజు కదా. చుట్టాలొస్తున్నారు.”

“చుట్టాలెవరు?”

“నువ్వే.”

సాయంత్రానికి తొంభై మూడు బకెట్లు లేచాయి. అన్నీ నిబంధనల ప్రకారమే, తాళం తీసే తోడారు. ఒక్క బకెట్ కూడా దొంగతనంగా పోలేదని తబేరా రిజిస్టరులో రాసింది. వారం తిరిగేసరికి మీటరులో పదమూడు వందల తొంభై.

సంఘం అత్యవసరంగా కూర్చుని లోపమెక్కడుందో కనిపెట్టింది. తాళం ఒకటే ఉండడం లోపం. అందుచేత మూడు తాళాలు, మూడు చెవులు, మూడు వేర్వేరు వంశాలవాళ్ళ చేతుల్లో. ముగ్గురూ ఒప్పుకుంటేనే మూత లేస్తుంది. ఒకటి బౌరోకి, ఒకటి చర్చిలో పాటలు పాడించే ఇయోనేకి, ఒకటి తబేరాకి.

కాగితం మీద ఇది ఉక్కుకోట. ఆచరణలో ఏమైందంటే, అంతకుముందు బౌరో చుట్టాలకి మాత్రమే అడిగే సౌకర్యం ఉండేది. ఇప్పుడు మూడు వంశాలకీ వచ్చింది. ఇయోనేని అతని పిన్ని అడిగితే, ఇయోనే వెళ్ళి బౌరోని అడుగుతాడు, బౌరో తబేరాని అడుగుతాడు. ముగ్గురూ ఒకరికొకరు దగ్గరి చుట్టాలే. (వేర్వేరు వంశాలంటే నౌతేరాలో అర్థం, చావడిలో వేర్వేరు చాపల మీద కూర్చుంటారని.)

తబేరా గట్టిగా ఉండాలనే అనుకుంది. రెండో రోజే వదిన తెరీనా వచ్చి గుమ్మంలో కూర్చుంది.

“బుబుస్, తబేరా. రెండే రెండు బకెట్లు. తలంటుకోవాలి. శనివారం డాన్సుంది.”

“వదినా, ఉప్పుబావి నీళ్ళున్నాయిగా...”

“ఉప్పునీళ్ళతో అంటుకుంటే జుట్టు కొబ్బరిపీచులా లేస్తుంది. వెనక వరసలో నిలబెడతారు నన్ను. నా జుట్టు కింద నీ పరువు కూడా ఉంది, గుర్తుపెట్టుకో. నేను నీ వదిన్ని.”

తబేరా ఇచ్చింది. శనివారం తెరీనా ముందు వరసలో ఆడింది, బాగానే ఆడింది. ఆ వారం సగటున రోజుకి నూట పద్దెనిమిది బకెట్లు.

“మూడు తాళాలేశారటగా,” అంది అమ్మమ్మ, గుంట గట్టు మీద ఆకులు కత్తిరిస్తూ. “ఎవరికి భయపడి? కాకులు ఎత్తుకుపోతున్నాయా బావిని?”

తబేరా వెళ్ళి మీటరు ముంచింది. మీటరులో పదిహేడు వందలు దాటింది.

తరవాత ఫారం వచ్చింది. నోటితో అడగబట్టే ఇవ్వాల్సివస్తోందనీ, రాసి అడగమంటే సగంమంది మానేస్తారనీ ఇయోనే వాదించాడు. ‘అదనపు జల బుబుస్ దరఖాస్తు, ఒకటో నమూనా’ తయారైంది. మూడు ప్రతులు. ఒక రోజు ముందుగా ఇవ్వాలి. అందులో గడులివి: అడిగేవారి పేరు. తాళంచెవిదారుతో బంధుత్వం. బకెట్ల సంఖ్య. అవసరం. తిరస్కరించినచో కారణం.

ఊరు ఫారాన్ని ఎంతో గౌరవంగా తీసుకుంది. ఎవరూ మానలేదు. పైగా నోటితో అడిగితే రెండు బకెట్లు అడిగేవాళ్ళు, మూడు ప్రతులు రాసిన శ్రమకి ఆరు రాశారు. అవసరం గడిలో ‘పంది దిగులుగా ఉంది’ అని ఒకరు, ‘ఇంకా ఆలోచించలేదు’ అని ఒకరు రాశారు. కాగితాలు అయిపోయాయి. బడి నోటుపుస్తకాలు కావాలని టీచరుని బుబుస్ అడిగారు, ఆయన ఇచ్చాడు. నాలుగో తరగతి పిల్లలు ఆ నెలంతా లెక్కలు ఇసుకమీద చేశారు.

ఆఖరి గడి మాత్రం నాలుగు వందల దరఖాస్తుల్లో నాలుగు వందలూ ఖాళీగానే ఉంది. ఆ గడిని ఏంచేయాలో తెలియక తబేరా అందులో తేదీ వేసేది.

అంకె పంతొమ్మిది వందల అరవై అయిన రోజున బౌరోకి జ్ఞానోదయమైంది.

“లోపం తాళంలో లేదు, కాగితంలో లేదు,” అన్నాడు చావడిలో లేచి. “లోపం మనలో ఉంది. తాళంచెవి పట్టుకున్నవాడికి చుట్టాలున్నారు. చుట్టాలు లేని మనిషి కావాలి.”

ఆ మాటకి చావడి అదిరిపడింది. చుట్టాలు లేని మనిషంటే వాళ్ళ ఊహలో కాళ్ళు లేని చేపలాంటిది కాదు, నీళ్ళు లేని చేపలాంటిది. అయినా ‘వంశ పరిశీలనా ఉపసంఘం’ వేశారు. అయిదు రోజులు కూర్చున్నారు. ఆసుపత్రి నర్సు వేరే దీవి మనిషి కదా అనుకున్నారు. ఆమె తాత ఇయోనే తాతకి సవతి తమ్ముడని తేలింది. నర్సూ ఇయోనే కౌగలించుకుని ఏడ్చారు, ఆ సంతోషానికి పన్నెండు బకెట్ల టీ అయింది. బడి టీచరు సంగతి చూడబోతే ఆయన్ని బౌరో అత్తగారే పెంచింది, ఆ సంగతి బౌరో మర్చిపోయాడు. చివరికి దీవి మొత్తంమీద యోగ్యుడు ఒక్కడే మిగిలాడు.

అతని పేరు లార్స్. నార్వే మనిషి. ఒంటరిగా తెరచాప పడవలో ప్రపంచం చుట్టి రావాలని బయల్దేరి, నికుతారా దగ్గర చుక్కాని విరిగి ఆగిపోయాడు. కొత్త చుక్కాని ఓడలో వస్తుందని మూడు నెలలుగా రేవువైపు చూస్తున్నాడు. అతన్ని చావడికి పిలిచి ఇంటర్వ్యూ చేశారు.

“ఈ దీవిలో మీకు చుట్టాలున్నారా?”

“లేరు.”

“పక్క దీవుల్లో?”

“లేరు.”

“పోనీ మీ దేశంలో?”

“ఒక అక్క ఉంది. మా మధ్య మాటల్లేవు.”

పెద్దలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇన్ని అర్హతలు ఒకే మనిషిలో దొరుకుతాయని ఎవరూ అనుకోలేదు.

మూడు తాళంచెవులూ లార్స్‌కి అప్పగించి, అతనికి ఒకే ఒక్క వాక్యం నేర్పారు: “క్షమించండి, ఈ రోజు వాటా అయిపోయింది.” అతను దాన్ని బాగా నేర్చుకున్నాడు. బుబుస్ అన్నా అదే అనేవాడు. పొద్దున్నే ఎదురుపడి ఎలా ఉన్నావంటే కూడా అదే అనేవాడు. రోజుకి నలభై బకెట్లు. నలభై ఒకటి కాదు. పదకొండు రోజులు అలా గడిచాయి. అంకె పదిహేడు వందలకి దిగింది. బబాయ్ గుంటలో ఒక కొత్త ఆకు చుట్టచుట్టుకుని పైకి లేచింది. అమ్మమ్మ దాని పక్కన కూర్చుని ఓ పూటంతా లేవలేదు.

కాని ఊరికి నిద్రపట్టలేదు. కాదనే మాట వినడం వాళ్ళ చెవులకి అలవాటు లేదు.

“పాపం రా వాడు,” అన్నాడు తెకాయి, వల బాగుచేస్తూ. “దేవుడిచ్చిన అక్క ఉండి మాటల్లేవట. మన కళ్ళముందు ఒక మనిషి అనాథలా తిరుగుతుంటే మనం మనుషులమేనా?”

“దత్తత తీసుకుంటే?” అన్నాడు పక్కవాడు.

“నేనూ జాలితోనే అంటున్నాను,” అన్నాడు తెకాయి. “నీళ్ళకోసమని ఎవరూ అనుకోకూడదు.”

“ఎవరనుకుంటారు! నీళ్ళు వాటంతటవే వస్తాయి.”

గురువారంనాడు తెకాయి కుటుంబం లార్స్‌ని కొడుకుగా దత్తత తీసుకుంది. తలకి పూలచుట్టు పెట్టి, మెడమీద పౌడరు చల్లి, కొబ్బరి నీరా తాగించారు. తాము వెనకబడ్డామని బౌరో వాళ్ళు శుక్రవారంనాడు తమ్ముడిగా తీసుకున్నారు. శనివారం ఇయోనే వాళ్ళు మేనల్లుడిగా. ఆదివారం చర్చి అయ్యాక టీచరు వాళ్ళు, వరస తరవాత చూసుకుందామని. నాలుగు రోజుల్లో లార్స్‌కి రెండు వందల పద్నాలుగు మంది చుట్టాలయ్యారు. అతనికి ఇందులో లోతుపాతులేమీ తెలియవు. నన్నెవరూ ఇంత ప్రేమగా చూడలేదని పౌడరు కరిగేలా ఏడ్చాడు. (ఆ నీళ్ళు కూడా ఉప్పగానే ఉన్నాయి. మీటరు అవసరం లేకపోయింది.)

సోమవారం పొద్దున తెకాయి ఖాళీ బకెట్లతో వెళ్ళాడు. “కొడుకా, బుబుస్.”

“క్షమించండి, ఈ రోజు వాటా...” అని లార్స్ మొదలుపెట్టాడు. తెకాయి పెళ్ళాం నేలచూపులు చూసింది. కొత్తగా వచ్చిన కొడుకు కాదన్న తల్లి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె మొహం. లార్స్ వాక్యం పూర్తిచేయలేకపోయాడు. తాళాలు తీశాడు. ఆ రోజు నూట అరవై ఒక్క బకెట్లు. ఆ వారమంతా అంతే.

శుక్రవారం తబేరా మీటరు ముంచి తీసి, తుడిచి, మళ్ళీ ముంచింది. అంకె మారలేదు. గుంట దగ్గర అమ్మమ్మ కిందివరస ఆకు ఒకటి చేత్తో పట్టుకుని చూస్తోంది. అంచు వేలెడు మేర మాడింది.

“ఎంతుందే?”

“రెండువేల మూడువందల పది.”

“ఎంత దాటితే పోతుంది?”

“రెండున్నర వేలు.”

“ఇలాగే తోడితే?”

“ఎల్లుండికి, అమ్మమ్మా.”

అమ్మమ్మ ఆ ఆకుని వదలకుండానే అడిగింది. “చావడి ఎప్పుడు పెట్టారు?”

“రేపే. నాలుగో తాళం గురించి.”

మర్నాడు నాలుగో తాళం ఏ సైజుదై ఉండాలన్న దాని మీద రెండు గంటలు మాట్లాడాక, తన ఇంటి చాపమీంచి అకోయా లేచింది. ఆమెకి ఎనభై మూడేళ్ళు. చావడిలో ఆడవాళ్ళు లేచి మాట్లాడడం రివాజు కాదు.

“పెద్దమ్మా,” అన్నాడు బౌరో ఇబ్బందిగా, “అజెండాలో నీ పేరు లేదే.”

“అజెండాతో నాకేం పనిరా. నేను మాట్లాడడానికి రాలేదు. అడగడానికొచ్చాను. బౌరో, బుబుస్.”

చావడి అంతటా విసనకర్రలు ఆగిపోయాయి.

“ఏం కావాలి పెద్దమ్మా?”

“నీ రెండో బకెట్.”

“రెండోదంటే...”

“రోజుకో బకెట్ వస్తుంది నీ ఇంటికి. అది నీదే, తాగు. అది అయ్యాక ఇంకోటి తోడతావు చూడు, అది. దాని తరవాత మూడోది, నాలుగోది. అవి నాకిచ్చెయ్. వాన పడేదాకా.”

బౌరో నోరు తెరిచాడు. నలభై ఏళ్ళ ప్రజాజీవితంలో అతను ఎన్నో ఉపన్యాసాలిచ్చాడు. కాదు అనే మాట ఎక్కడ మొదలవుతుందో అతనికి నిజంగానే తెలియదు.

“ఇచ్చాను పెద్దమ్మా.”

“ఇయోనే, బుబుస్. నువ్వు పుట్టినప్పుడు నీ బొడ్డు కోసింది నేనే. నీ రెండో బకెట్.”

“ఇచ్చాను అమ్మమ్మా.”

అలా చాప తరవాత చాప, ముప్పై ఒక్క ఇళ్ళు. ఒక్కొక్కరినీ పేరుతో, వరసతో, వాళ్ళకి గుర్తులేని చిన్నతనంతో కలిపి అడిగింది. తెరీనా దగ్గరికి వచ్చేసరికి, “నీ జుట్టు బాగుందే పిల్లా. ఇక మాసినా బాగుంటుంది,” అంది. నాలుగిళ్ళ బంధువైన లార్స్‌ని నాలుగుసార్లు అడిగింది. అతను నాలుగుసార్లూ పూర్తిగా అర్థం కాకుండానే ఒప్పుకున్నాడు.

అంతా అయ్యాక తెకాయికి ఒక ఆలోచన వచ్చింది. అతనికి ఆలోచనలు ఎప్పుడూ ఇలాంటి సమయంలోనే వస్తాయి.

“అత్తా! అంటే ఊరి రెండో బకెట్లన్నీ ఇప్పుడు నీవేగా?”

“నావే.”

“అయితే అత్తా, బుబుస్...”

“నాకిచ్చిందెవరు?”

“నేనే.”

“ఇచ్చినదాన్ని తిరిగి అడుగుతున్నావా, తెకాయి?”

తెకాయి కూర్చున్నాడు. కాదనడం కంటే సిగ్గుమాలిన పని నికుతారాలో ఒకే ఒక్కటి ఉంది, అది ఇచ్చినదాన్ని వెనక్కి అడగడం. ముప్పై ఒక్క ఇళ్ళూ ఇచ్చేశాయి. ఇక అడిగే అర్హత ఉన్నవాడు ఊళ్ళో ఎవడూ మిగల్లేదు. తబేరా ఇదంతా మినిట్స్‌లో ఒక్క వాక్యంగా రాసింది: ‘నాలుగో తాళం సైజు నిర్ణయం వాయిదా పడింది.’

ఏడు వారాల తరవాత అంకె పదకొండు వందల ఇరవై. బబాయ్ గుంటలో మాడిన ఆకులు తీసేస్తే మాడిన గుర్తులే లేవు. వాన మాత్రం ఇంకా పడలేదు. లార్స్‌కి చుక్కాని వచ్చింది గానీ, అతను వెళ్ళాలంటే రెండు వందల పద్నాలుగు మందికి వీడ్కోలు చెప్పాలి. ఇంకా నలభయ్యో మనిషి దగ్గరే ఉన్నాడు.

ఆ రోజుల్లోనే జిల్లా జలాధికారి కైతారా తనిఖీకి వచ్చాడు. తనే స్వయంగా మీటరు ముంచి చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చూశాడు.

“దీవిలో ఇంతమంచి బావి లేదు. ఎలా తగ్గించారమ్మా?”

“మా అమ్మమ్మ అడిగింది,” అంది తబేరా.

“ఎవరిని?”

“అందరినీ.”

కైతారా తన ఫారం పైనుంచి కిందికి చదివాడు. బావి బాగుపడడానికి కారణం కింద అయిదు గడులున్నాయి: తాళం, కంచె, బోర్డు, మోటారు, ఇతరములు. ఇతరములు అన్నచోట టిక్కు పెడితే ఆ సాధనం బరువు, తయారైన సంవత్సరం రాయాలి.

“మీ అమ్మమ్మ బరువెంత?” అన్నాడు, పెన్ను మూత తీసి.

“తెలీదండి.”

“తయారైన... పుట్టిన సంవత్సరం?”

“రికార్డు లేదండి.”

కైతారా చాలాసేపు ఆలోచించి తాళం గడిలో టిక్కు పెట్టాడు. దానితో నౌతేరా విజయం అధికారికమైంది. దీవిలోని మిగతా ఊళ్ళన్నింటికీ తాళాలు సరఫరా అవుతాయని చెప్పాడు. నౌతేరాకైతే ఆదర్శగ్రామ బహుమతి కింద, వచ్చే ఓడలో, డీజిలు పంపు.

“ఎంత తోడుతుంది బాబూ అది?” అంది అమ్మమ్మ.

“రోజుకి నాలుగు వందల బకెట్లు, అవ్వా! మీరు చెయ్యి తడుపుకోనక్కర్లేదు.”

వద్దంటే ఏదైనా ఫారం ఉందా అని తబేరా అడిగింది. ఉందనీ, పంపు అందినట్టు సంతకం పెట్టాక ఇస్తారనీ కైతారా చెప్పాడు.

“నిలబడే ఉన్నావు, కూర్చో బాబూ,” అంది అమ్మమ్మ. “మీ అమ్మది ఏ ఊరు?”

కైతారా చేతిలో పెన్ను ఆగింది. ఉద్యోగుల్ని చుట్టాలు లేని దీవులకే వేయాలని జలశాఖలో నియమం ఉంది. రెండేళ్ళుగా నికుతారాలో అతను ఈ ఒక్క ప్రశ్న తప్పించుకునే తిరుగుతున్నాడు.

“దక్షిణం వైపండి.”

“దక్షిణాన ఏ దీవి?”

“చిన్న దీవండి. మీకు తెలీదు.”

“అమ్మ పేరు?”

అతను రేవులో ఉన్న తన పడవవైపు చూశాడు. అది దూరంగా ఉంది.

“నెబోరా.”

“నెబోరా! ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. మా చిన్నాన్న మనవరాలురా అది! నువ్వు నాకు మనవడివి. నీ మొహం చూస్తూనే అనుకున్నాను.” అమ్మమ్మ అతని చెయ్యి పట్టుకుంది. “మనవడా, బుబుస్. ఆ పంపు ఇక్కడ దింపకు.”

కైతారా ఫైలు మూసేశాడు. మనిషి అన్నాక ఎంతటి అధికారి అయినా అక్కడ చేసేదేమీ లేదు. “దింపను, అమ్మమ్మా,” అన్నాడు చిన్నగా.

అన్నమాట నిలబెట్టుకున్నాడు. అతన్ని అడిగింది ఇక్కడ దింపవద్దని. ఎక్కడ దింపాలో ఎవరూ అడగలేదు. అడిగినంతవరకే చేయడం ప్రభుత్వోద్యోగి ధర్మం. మంజూరైన పంపుని వెనక్కి పంపడానికి శాఖలో పద్ధతి లేదు కాబట్టి, దాన్ని దీవి నడుమనున్న ఉప్పునీటి మడుగుకి అవతల ఒడ్డునున్న బురీనాకో అనే ఊళ్ళో దింపించాడు. నలభై ఇళ్ళ ఊరు. అక్కడా ఒకే మంచి బావి. పంపుకి పూలచుట్టు వేసి, పౌడరు చల్లి, పాటలు పాడి బిగించారట. ఇటువైపు గాలి వీచినప్పుడు దాని చప్పుడు వినిపించేది. బురీనాకోలో మనుషులు రోజుకి రెండుసార్లు స్నానం చేస్తున్నారనీ, పందులు మూడుసార్లు చేస్తున్నాయనీ పడవలవాళ్ళు చెప్పుకున్నారు. నౌతేరాలో కొందరు నిట్టూర్చారు. తెరీనా అయితే పైకే అంది, “అదృష్టవంతులు,” అని.

ఆరు వారాలకి చప్పుడు ఆగింది.

ఆ మర్నాడు పొద్దున తబేరా మీటరు ముంచి వెయ్యీ తొంభై అని రాసుకుంటుండగా ఒడ్డున పడవలు ఆగాయి. పదకొండు పడవలు. నిండా ఖాళీ బకెట్లు. ముందు పడవలోంచి బురీనాకో నీటి సంఘం అధ్యక్షుడు దిగాడు. అద్దం కట్టిన కాగితం ఒకటి తడవకుండా రెండు చేతులా గుండెకి హత్తుకుని ఉన్నాడు. ఇంట్లో పెట్టి వస్తే చుట్టాలెవరైనా అడుగుతారని వెంట తెచ్చుకున్నాడట. జిల్లాలో అన్ని ఊళ్ళకంటే ఎక్కువ నీళ్ళు సరఫరా చేసినందుకు బురీనాకోకి మొదటి బహుమతి అని అందులో ఉంది. కింద జలశాఖ ముద్ర.

ఆయన దాన్ని జాగ్రత్తగా కొబ్బరిచెట్టుకి ఆనించి, అమ్మమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అక్కా,” అన్నాడు. “బుబుస్.”

అకోయా అతన్ని చూసింది. వీళ్ళెవరూ ఆమెకి రెండో బకెట్ ఇచ్చి ఉండలేదు. అడిగే అర్హత నిండుగా ఉన్నవాళ్ళు.

“బావి ఎంతిస్తుందే?” అంది తబేరాతో, చూపు తిప్పకుండానే.

“నలభై.”

“వీళ్ళెన్ని ఇళ్ళు?”

“నలభై.”

“మనం?”

“ముప్పై ఒకటి.” తబేరా రిజిస్టరు అంచున పెన్సిలుతో ఏదో వేసింది. తరవాత, సంఘం పుట్టాక మొదటిసారి, అందరికీ వినపడేలా మాట్లాడింది. “ఇంటికి సగం బకెట్. ముప్పై అయిదున్నర. బడికీ ఆసుపత్రికీ కలిపి నాలుగున్నర. సరిపోతుంది. చావడిలో టీ ఉండదు.”

“ఆఖరి విషయం చర్చించాలి,” అన్నాడు బౌరో.

“నోరుముయ్యి,” అంది అమ్మమ్మ. బౌరో మూశాడు. మొదటి బకెట్ బావిలోకి దిగింది.

ఆ రోజు పేజీలో, నీళ్ళు ఎవరికి అన్న గడిలో తబేరా రాసింది: ‘అత్యధిక నీటి సరఫరాలో జిల్లా ప్రథమ బహుమతి విజేతలకు. ఇరవై బకెట్లు.’